లోతుకు జారే అంచున స్మాల్‌మౌత్ బాస్: గ్రాండ్ ట్రావర్స్ బేలో గాలం వేసే పద్ధతి

అమెరికాలోని మిషిగన్ సరస్సుకి గ్రాండ్ ట్రావర్స్ బే అనే అఖాతం ఉంది. దాని ఒడ్డునున్న ట్రావర్స్ సిటీ నుంచి ఓల్డ్ మిషన్ ద్వీపకల్పం మీదుగా ఉత్తరానికి వెళ్తుంటే ఎడమ పక్క వెస్ట్ బే, కుడి పక్క ఈస్ట్ బే కనిపిస్తాయి. ఎండ బాగా కాసిన రోజు ఒకసారి కారు ఆపి చూడండి. ఒడ్డు దగ్గర నీళ్లు లేత ఆకుపచ్చగా, కింది రాళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా ఉంటాయి. కొంత దూరం పోయాక చాక్‌పీసుతో గీసినట్టు ఒక గీత. దాని అవతల అంతా ముదురు నీలం. ఆ గీత దగ్గర నేల ఉన్నట్టుండి దిగిపోతుంది. కొన్నిచోట్ల 12 అడుగులున్న లోతు, పడవ నాలుగైదు పొడవులు జరిగేసరికి 40 దాటుతుంది. ఇక్కడివాళ్లు దీన్ని డ్రాప్ ఆఫ్ అంటారు. మనం అంచు అనుకుందాం.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి ఇది నాలుగు గంటల డ్రైవ్. చెర్రీల కోసం, బీచ్ కోసం చాలామందే వస్తారు. నేను స్మాల్‌మౌత్ బాస్ అనే చేపకి గాలం వేయడానికి వచ్చాను, వచ్చిన మొదటి రెండు సీజన్లూ ఖాళీ చేతులతోనే తిరిగి వెళ్లాను. "25 అడుగుల్లో ఉన్నాయి" అని బోట్ ర్యాంప్ (పడవలు నీళ్లలోకి దించే చోటు) దగ్గర ఎవరో చెబితే, ఆ అంకె పట్టుకుని అంచు పొడుగునా తిరిగాను. లోతు సరిగ్గానే ఉంది, చేపే లేదు. మైలు పొడవున్న అంచులో చేప నిలిచే చోట్లు మూడో నాలుగో ఉంటాయని తర్వాత అర్థమైంది. ఆ చోట్లు కనిపెట్టడం ఒక ఎత్తు. అక్కడ ఎరను నేల వదలకుండా వాలు వెంట దింపడం ఇంకో ఎత్తు. ఈ రెండూ పట్టుబడితే మిగతాది దానంతటదే వస్తుంది.

మాటల చిక్కు ఒకటి ముందే తీర్చేస్తాను. తెలుగులో అడుగు అంటే కొలత, పాదం, చెరువు అడుగు కూడా. "అడుగున అడుగు ఎత్తులో" అంటే మీకూ నాకూ ఇద్దరికీ తలనొప్పి. అందుకని సరస్సు అడుగుని ఇక్కడ నేల అంటాను.

చేప ఎలాంటిది, అంచు మీదే ఎందుకు

స్మాల్‌మౌత్ బాస్ ఒళ్లు ఇత్తడి రంగులో ఉంటుంది, పక్కల మీద నిలువు చారలుంటాయి. పై దవడ కంటిని దాటి వెనక్కి పోదు. దాటి పోయిందంటే అది దాని బంధువు లార్జ్‌మౌత్ బాస్. పుట్టిల్లు ఈ గ్రేట్ లేక్స్, సెయింట్ లారెన్స్, మిసిసిపీ ఎగువ ప్రాంతాలే. ప్రపంచ రికార్డు 11 పౌండ్ల 15 ఔన్సులు, 1955లో టెనెసీ, కెంటకీ సరిహద్దులోని డేల్ హాలో రిజర్వాయర్‌లో పడింది. మిషిగన్ రికార్డు 9.98 పౌండ్లు, 2016లో ఇండియన్ రివర్‌లో. మనకి మూడు పౌండ్లది పడితే చేతులు నొప్పెడతాయి, నాలుగు దాటితే ఇంటికి ఫోన్ చేస్తాం.

దీని తిండి రాళ్ల మధ్య తిరిగే, రొయ్యలాంటి క్రేఫిష్, చిన్న చేపలు, గోబీలు. రౌండ్ గోబీ అనే ఈ చిన్న చేప ఇక్కడిది కాదు. నల్ల సముద్రం, కాస్పియన్ వైపు నుంచి ఓడల బ్యాలస్ట్ నీళ్లలో (ఓడ నిలకడ కోసం నింపుకునే నీళ్లు) వచ్చిపడింది. 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో మొదట కనిపించింది. దానికి ఈత తిత్తి (చేపని తేలేలా ఉంచే గాలి సంచి) ఉండదు కాబట్టి నీటి మధ్యలో తేలుతూ ఉండలేదు, ఈదినా మళ్లీ నేల మీదకే వస్తుంది. గోబీలు మరిగిన బాస్ కూడా కిందకే చూస్తుంది. మన ఎర నేలకి మూడడుగుల పైన తేలిపోతుంటే దాని లెక్కలో అది తిండి కాదు. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే కింద చెప్పేదంతా సులువుగా ఎక్కుతుంది.

ఇక అంచు. నేల మెల్లగా వాలే చోట 8 అడుగుల నుంచి 30 అడుగుల లోతుకు పోవాలంటే చేప పావు మైలు ఈదాలి. నిటారు అంచు దగ్గర అదే ప్రయాణం నాలుగు తోక ఊపులు. పైన గట్టు మీద (ఒడ్డుకీ అంచుకీ మధ్య లోతు తక్కువున్న నేలని గట్టు అంటున్నాను) తిండి, కింద చీకటి, చల్లదనం. ఎండ ఎక్కువైనా, పైన పడవలు గోల చేసినా కిందికి జారుతుంది. సాయంత్రం మళ్లీ పైకి వస్తుంది. వంటింటి పక్కనే పడక గది ఉన్నట్టు.

మ్యాపు ముందు కూర్చోవడం

సగం పని ఇంట్లోనే అయిపోవాలి. ఫోన్‌లో కానీ ఫిష్ ఫైండర్‌లో (నీటి కింద లోతుని, చేపల్ని తెర మీద చూపే యంత్రం) కానీ కాంటూర్ మ్యాపు తెరవండి. అందులో ఒకే లోతున్న చోట్లని ఒక గీతతో కలుపుతారు. గీతలు ఒకదాన్నొకటి రాసుకునేంత దగ్గరగా ఉన్న చోట వాలు నిటారుగా ఉందని అర్థం. కొత్తవాళ్లు ఇక్కడే పొరపడతారు. గీతలు ఎక్కడ బాగా దగ్గరగా, తిన్నగా ఉన్నాయో అక్కడికి పరిగెత్తుతారు. తిన్నగా గోడలా దిగే అంచులో చేప ఆగడానికి కారణం ఉండదు. హైవే మీద హోటల్ లేని చోట బస్సు ఆగుతుందా?

మీరు వెతకాల్సినవి గీతలు వంకర తిరిగే చోట్లు. గట్టు ముక్కులా లోతులోకి పొడుచుకొచ్చిన మూల మొదటిది. గీతలు లోపలికి నొక్కుకుపోయి చంకలా తయారైన చోటు రెండోది. మూడోది నాకు బాగా ఇష్టం, మెట్టు. గీతలు 12 నుంచి 20 దాకా ఇరుగ్గా వచ్చి, 20కీ 25కీ మధ్య కాస్త ఎడం ఇచ్చి, మళ్లీ ఇరుగ్గా దిగితే అక్కడ వాలు మధ్యలో ఓ అరుగు ఉన్నట్టు. ఆ అరుగు మీద నాలుగు బండరాళ్లు కూడా ఉంటే ఎండాకాలమంతా అక్కడికే వెళ్లొచ్చు. మ్యాపు రాళ్లని చూపించదు. వాటిని నీళ్ల మీదకి వెళ్లాకే వెతుక్కోవాలి.

శాటిలైట్ ఫోటో కూడా చూడండి. ఈ బేలో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, గట్టు మీది ఇసుక తెల్లగా, గులకరాళ్లు మట్టి రంగులో విడివిడిగా కనిపిస్తాయి. ఉత్త ఇసుక అంచుని తాకిన చోట్లు కొట్టేయండి. గులకరాళ్ల మేట అంచు దాకా వచ్చిన చోట్లకి గుర్తు పెట్టుకోండి. ఒక రోజుకి ఆరు గుర్తులు చాలు. నేను మొదట్లో ముప్పై పెట్టుకుని, ఒక్కోదానికి పది నిమిషాలు ఇచ్చి, దేన్నీ సరిగ్గా వెతకలేదు.

కాలం, నీటి వేడి, గాలి

మే నెలలో నీళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హైట్ దగ్గరికి వస్తుంటే చేపలు లోతు నుంచి ఎక్కి అంచు పై పెదవి దగ్గర పోగవుతాయి. 60 దాటాక గట్టు మీదికి పోయి గుడ్లు పెడతాయి. మగ చేప గులకరాళ్లలో గూడు ఊడ్చి, గుడ్లకి, పిల్లలకి కాపలా కాస్తుంది. మన కొరమీను ఎర్రటి పిల్లల గుంపు కింద కాపలా తిరగడం చూసినవాళ్లకి ఈ సంగతి కొత్తగా ఉండదు. కాపలా చేపని గాలంతో లాగితే, వదిలేలోపే గోబీలు వచ్చి గుడ్లు తినేస్తాయి. గూటి మీది చేప జోలికి నేను పోను. పట్టుబడటం మరీ సులువు కావడం కూడా ఒక కారణం, అందులో పనితనం ఏముంది?

జూన్ చివరి నుంచి అసలు అంచు సీజన్. గుడ్ల పని అయిపోయిన చేపలు మొదటి వాలుకి దిగుతాయి. పొద్దున 10, 15 అడుగుల్లో, మధ్యాహ్నం 20, 30 అడుగుల్లో. సెప్టెంబర్ చివర నీళ్లు చల్లబడే కొద్దీ గుంపులు కడతాయి. 55 కిందికి పడ్డాక అంచు కింది మొదలుకి జారతాయి. అప్పుడు ఒకటి దొరికితే పక్కన పది ఉంటాయి, అర మైలు అవతల ఒక్కటీ ఉండదు.

ఇక గాలి సంగతి. దీన్ని పట్టించుకోకపోవడం వల్ల నాకు ఒక జూలై శనివారం పూర్తిగా మట్టికొట్టుకుపోయింది. శుక్రవారం సాయంత్రం అరుగు మీద నాలుగు చేపలు పడ్డాయి, నీళ్లు 68 డిగ్రీలు. రాత్రంతా ఒడ్డు నుంచి లోపలికి గాలి కొట్టింది. తెల్లారి అదే చోటు, అదే ఎర, ఒక్క తాకిడి లేదు. రెండు గంటలు ఎరలు మార్చి మార్చి విసిగాక ఫిష్ ఫైండర్ తెర మూలన నీటి వేడి చూపే అంకె చూశాను, 53. జరిగిందేమిటంటే, ఒడ్డు నుంచి వీచే గాలి పైనున్న వెచ్చటి నీటిని లోపలికి తోసుకుపోతుంది, ఆ ఖాళీలోకి లోతు నుంచి చల్లటి నీరు వాలు వెంట ఎక్కి వస్తుంది. నిటారు అంచు దగ్గర ఇది ముందు జరుగుతుంది, ఎందుకంటే చల్లటి నీళ్లు అక్కడే కాళ్ల కింద ఉన్నాయి. అలాంటి రోజు గాలి ఎటు కొడుతోందో అటువైపు ఒడ్డుకి వెళ్లాలి. వెచ్చటి నీళ్లు అక్కడ పేరుకుంటాయి. అప్పట్నుంచి నేను రాడ్ తీయకముందు నీటి వేడి చూస్తాను.

అయితే "అటువైపు" అనగానే అలల్లోకి దూకొద్దు. బే నోరు ఉత్తరానికి తెరిచి ఉంటుంది. ఉత్తరపు గాలి వస్తే అలలు సరస్సు నుంచి నేరుగా లోపలికి వస్తాయి, 16 అడుగుల చిన్న పడవకి అది చోటు కాదు.

సామాను

సామాను గురించి గంటలు మాట్లాడొచ్చు, అవసరం లేదు. ఒక రాడ్ ఏడడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్, డ్రాప్ షాట్‌కి. ఇంకోటి అదే పొడవు మీడియం, ట్యూబ్‌కి. ఈ రెండూ ఏమిటో కింద చెప్తాను. రెండింటికీ 2500 సైజు రీల్. మెయిన్ లైన్ 10 పౌండ్ల లాగుడుకి తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన దారం), దాని చివర 8 నుంచి 10 అడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్, 8 పౌండ్లది. నీళ్లు మరీ తేటగా, గాలి లేకుండా ఉంటే 6. బ్రెయిడ్ సాగదు కాబట్టి 30 అడుగుల కిందున్న రాయి కూడా చేతికి తెలుస్తుంది. ఫ్లోరోకార్బన్ నీళ్లలో పెద్దగా కనబడదు, రాళ్ల రాపిడికి ఓర్చుకుంటుంది. రెండింటినీ కలిపే ముడి డబుల్ యూనీ చాలు. ఎఫ్‌జీ ముడి ఇంకా నున్నగా గైడ్లలోంచి (రాడ్ మీది రింగులు) పోతుంది కానీ, ఊగే పడవలో చలికి వణుకుతూ కట్టడం నా వల్ల కాలేదు. ఇంట్లో కట్టుకుని వస్తాను.

ఎరలు రెండు రకాలతో మొదలుపెట్టండి. మూడున్నర అంగుళాల ట్యూబ్ (లోపల బోలుగా ఉండే మెత్తటి ప్లాస్టిక్ ఎర), గ్రీన్ పంప్‌కిన్ రంగుది. లోపల దూర్చే జిగ్ హెడ్ (బరువు తల ఉన్న హుక్) 15 అడుగుల దాకా పావు ఔన్సు, ఆపైన మూడు బై ఎనిమిది, గాలి ఉంటే అర. ఇక డ్రాప్ షాట్‌కి మూడు, నాలుగు అంగుళాల చిన్న చేప ఆకారపు ప్లాస్టిక్ ఎర. అక్టోబర్‌లో వచ్చేవాళ్లు అర ఔన్సు బ్లేడ్ బెయిట్ (లోహపు రేకు ఎర) ఒకటి జేబులో వేసుకోండి.

డ్రాప్ షాట్ అంటే మన ఊళ్లో బెండు గాలాన్ని తలకిందులు చేసినట్టు. బరువు కింద నేల మీద కూర్చుంటుంది, గాలం దానికి పైన లైన్ మీదే ఉంటుంది. కట్టే తీరు ఇది. ఒకటో నంబరు డ్రాప్ షాట్ హుక్‌ని పాలోమార్ ముడితో కట్టి, ముడి తర్వాత ఒకటిన్నర, రెండడుగుల తోక మిగిల్చండి. ఆ తోకని హుక్ కంటిలోంచి పైనుంచి కిందికి మళ్లీ దూర్చి లాగండి. ఇప్పుడు హుక్ లైన్‌కి అడ్డంగా, ముల్లు పైకి చూస్తూ నిలబడుతుంది. వేలాడిందంటే తప్పు వైపు నుంచి దూర్చారు. తోక చివర సీసం గుండు. గోబీలు ఎక్కువున్న చోట గుండుకీ హుక్‌కీ మధ్య ఎనిమిది అంగుళాలు చాలు. ఫిష్ ఫైండర్‌లోని సోనార్‌లో చేపలు నేలకి రెండడుగుల పైన కనిపిస్తుంటే పద్దెనిమిది.

సోనార్ చేసే మోసం

ఇది కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే నిటారు అంచు మీద ఫిష్ ఫైండర్ చెప్పేది సగమే నిజం.

సోనార్ శబ్దం టార్చి వెలుగులా కింద విచ్చుకుంటూ పోతుంది. ఆ విచ్చుకునే ఆకారాన్ని కోన్ అంటారు. 20 డిగ్రీల కోన్ అయితే 30 అడుగుల లోతులో దాదాపు పదిన్నర అడుగుల వెడల్పు వృత్తం. నేల చదునుగా ఉంటే బాధ లేదు. 45 డిగ్రీల వాలు మీద పడవ ఉందనుకోండి. కోన్‌లో గట్టు వైపు అంచు నేలని ముందే తాకుతుంది, లోతు వైపు అంచు ఆలస్యంగా. యంత్రం ఇవన్నీ కలిపి ఒకే పట్టీగా గీస్తుంది. మీ కింద నిజంగా 30 అడుగులున్నా, తెర మీద నేల 26 దగ్గర మొదలై 37 దాకా మందంగా పరుచుకుంటుంది. నేలకి రెండడుగుల పైన, అంటే 28 దగ్గర నిలబడిన చేప ఆ పట్టీలో కలిసిపోతుంది. తెరంతా ఖాళీ, కింద మాత్రం చేపలు. నేను "ఏమీ లేవు" అని వదిలేసి వెళ్లిన అరుగులు ఎన్నో.

కాబట్టి, పట్టీ మందంగా ఉన్న చోట తెర ఖాళీగా ఉందని వదిలేయకండి. మందం చూసి వాలు నిటారుగా ఉందని గుర్తించండి. పట్టీ ఉన్నట్టుండి సన్నబడితే అక్కడ అరుగు ఉంది, వెంటనే గుర్తు పెట్టుకోండి. సైడ్ ఇమేజింగ్ (పడవ పక్కల నేలని చూపే సోనార్) ఉంటే పడవని అంచుకి సమాంతరంగా, మూడు నాలుగు మైళ్ల వేగంతో ఒకసారి పోనివ్వండి. బండరాళ్లు తెల్లటి చుక్కలుగా, వాటి వెనక నల్లటి నీడలతో కనిపిస్తాయి. ఈ మధ్య అందరూ వాడుతున్న ఫార్వర్డ్ సోనార్ చేపని, ఎరని కదులుతుండగానే చూపిస్తుంది. ఉన్నవాళ్లు వాడుకోండి. నా దగ్గర లేదు, దాని ధరకి ఇంట్లో జవాబు చెప్పుకోలేను.

పడవ ఎక్కడ, విసురు ఎటు

మూడు పద్ధతులున్నాయి, మూడూ ఒకేలాంటివి కావు.

పడవ లోతులో ఉంచి గట్టు మీదికి విసిరి కిందికి దింపడం మొదటిది. అందరూ చేసేది, అందరూ పాడుచేసేది కూడా ఇదే. పడవ 30 అడుగుల మీద ఉంది, ట్యూబ్ 10 అడుగుల గట్టు మీద పడింది అనుకోండి. మామూలుగా రీల్ తిప్పితే ట్యూబ్ అంచు దాటగానే నేల వదిలి గోడ గడియారం లోలకంలా మీ వైపు ఊగుతూ వస్తుంది. వాలుకీ దానికీ మధ్య ఐదడుగులు, పదడుగులు ఎడం. చేప వాలుకి అతుక్కుని ఉంది, ఎర ఆకాశంలో పోతోంది.

దీనికి మందు రీల్ తిప్పడం మానేయడమే. ట్యూబ్ అంచు పెదవి దగ్గరికి వచ్చిందనిపించగానే రాడ్ కొనని ఒక అడుగు మాత్రం ఎత్తండి, వెంటనే దించి, చేత్తో రీల్ నుంచి రెండడుగుల లైన్ లాగి వదలండి. ట్యూబ్ తిన్నగా కిందికి పడుతుంది. లైన్ మీదే చూపు పెట్టండి. నీటి మీద అది సన్నగా జారుతూ జారుతూ ఠక్కున ఆగుతుంది. అంటే నేల తాకింది. రెండు లెక్కపెట్టండి. మళ్లీ ఒక అడుగు ఎత్తు, మళ్లీ రెండడుగుల లైన్. కళ్లు కనబడని పెద్దాయన కర్రతో మెట్లు తడుముకుంటూ దిగినట్టు ఉండాలి. ప్రతి మెట్టుకీ పడటానికి పట్టే సమయం మనసులో లెక్కపెడుతూ పోతే, ఒకచోట "ఒకటి" అనగానే ఆగిపోతుంది. అదే అరుగు. ఇంకోచోట "ఒకటి, రెండు, మూడు" అన్నా ఆగదు, అక్కడ గోడ. ఇంకోచోట పడాల్సినంత లోతుకి ముందే, మధ్యలోనే ఆగిపోతుంది. అక్కడ నేల లేదు, చేప పట్టింది.

రెండోది పడవ గట్టు మీద ఉంచి లోతుకి విసిరి పైకి లాక్కురావడం. ఎర నేల వదలదు, అది లాభం. రాళ్లలో ఇరుక్కుంటుంది, అది నష్టం. పైగా తేట నీళ్లలో గట్టు మీది చేపలు పడవ నీడకి బెదిరిపోతాయి. చల్లటి అక్టోబర్‌లో చేపలన్నీ కిందే ఉన్నప్పుడు మాత్రం నేను ఇలా చేస్తాను.

మూడోది అంచుకి సమాంతరంగా విసరడం. పడవని మీరు అనుకున్న లోతు గీత మీదే ఉంచి, అదే గీత వెంట ముందుకి విసిరితే ఎర మొదటి నుంచి చివరి దాకా ఒకే లోతులో, నేల మీదే నడుస్తుంది. పొద్దున మొదట మొదటి పద్ధతిలో మెట్లు దించుతూ ఏ లోతులో తాకుతున్నాయో చూసుకోండి. రెండు చేపలు ఒకే లోతులో పడ్డాయంటే, అప్పుడు పడవ తిప్పి సమాంతరంగా ఆ గీత పట్టుకోండి. ర్యాంప్ దగ్గర విన్న "25 అడుగులు" అనే అంకెకి, ఆ రోజు ఆ అంచు మీద మీ ఎర చెప్పిన అంకెకి తేడా అప్పుడు తెలుస్తుంది.

25 దాటిన లోతులో తెర మీద చేపలు స్పష్టంగా కనబడితే విసరడం కూడా అక్కర్లేదు. ట్రోలింగ్ మోటార్‌కి స్పాట్ లాక్ (పడవని ఒకేచోట నిలిపే సదుపాయం) పెట్టి, డ్రాప్ షాట్ తిన్నగా కిందికి. స్పాట్ లాక్ లేనివాళ్లు లంగరు గట్టు వైపు వేసి తాడు వదులుతూ పడవని లోతు మీదకి జారనివ్వండి, గాలి గట్టు నుంచి లోతు వైపు ఉన్నప్పుడే ఇది కుదురుతుంది. గుండు నేలకి తగలగానే లైన్ బిగించి, కొంచెం వదులు ఇచ్చి, ఆ వదులునే వణికించండి. గుండు కదలకూడదు, ఎర మాత్రం వణకాలి. పది సెకన్లు వణికించి, పది సెకన్లు ఊరికే ఉండండి. ఊరికే ఉన్నప్పుడే ఎక్కువ పడతాయి. మనకి ఊరికే ఉండటమే కష్టం.

కరిచాక

ట్యూబ్ మీద తాకిడి రెండు రకాలు. ఒకటి "టక్" మని మోచేతి దాకా వచ్చేది. రెండోది చప్పుడు లేకుండా ఎర బరువెక్కడం, తడి గుడ్డ తగులుకున్నట్టు. రెండోదాన్ని రాయి అనుకుని చాలా చేపల్ని పోగొట్టుకున్నాను. అనుమానం వస్తే వదులు చుట్టేసి రాడ్ గట్టిగా ఎత్తండి. డ్రాప్ షాట్‌కి అలా గుంజకండి. హుక్ సన్నది, ముల్లు బయటే ఉంది. రీల్ తిప్పుతూ రాడ్ మెల్లగా ఎత్తితే అదే దిగుతుంది.

స్మాల్‌మౌత్ గాల్లోకి ఎగురుతుంది. లైన్ నీళ్లలో పైకి లేస్తుంటే ఎగరబోతోందని గుర్తు, రాడ్ కొన నీళ్ల దగ్గరికి దించండి. ఎగిరినప్పుడు తల విదిల్చి ట్యూబ్‌ని మీ మొహం మీదకే విసరగలదు, నల్లకళ్లద్దాలు అందుకే. పడవ పక్కకి వచ్చి తెల్లటి పొట్ట కనబడగానే అయిపోయిందనుకుంటాం. సరిగ్గా అప్పుడే పడవ కిందికి, లోతు వైపు ఒక దూకు దూకుతుంది. అంచు దాని ఇల్లు, దారి దానికి తెలుసు. డ్రాగ్ (చేప లాగితే లైన్ జారనిచ్చే రీల్ బిగింపు) ముందే వదులుగా పెట్టుకుని ఉంటే రీల్ కూత పెడుతుంది, లేకపోతే లైన్ తెగుతుంది. లైన్ బలంలో పావు వంతు లాగితే డ్రాగ్ జారాలి. పొద్దున్నే చేత్తో లాగి చూసుకోండి.

వదలడం, పులుసు సంగతి

లోతు నుంచి గబగబా పైకొచ్చిన చేపకి ఒత్తిడి తగ్గి ఈత తిత్తి ఉబ్బుతుంది. 30 అడుగులు దాటితే ఈ ప్రమాదం ఎక్కువ. పొట్ట ఉబ్బి, వదిలాక పక్కకి ఒరిగి తేలుతుంటే అదే. లోతున పట్టినదాన్ని ఫోటోల కోసం లైవ్‌వెల్‌లో (చేపల్ని ప్రాణంతో ఉంచే పడవలోని తొట్టి) ఉంచకుండా వెంటనే వదిలేయండి. తల కిందికి పెట్టి నీళ్లలోకి గట్టిగా పంపితే చాలావరకు దిగిపోతాయి. దిగలేనిదానికి దవడకి క్లిప్ తగిలించి బరువుతో కిందికి దింపి వదిలే డిసెండర్ సాధనం ఒకటి పడవలో ఉంచుకోండి. సూదితో తిత్తిలో గాలి తీసే పద్ధతి కూడా ఉంది, నేర్పినవాళ్లు పక్కన లేకుండా చేస్తే చేపకి ఇంకా హాని. వరసగా మూడు చేపలు ఇలా ఇబ్బంది పడితే నేను ఆ రోజుకి లోతు మానేసి పైకి వస్తాను.

"పులుసుకి బాగుంటుందా?" అని మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. తినొచ్చు. నా మాట అడిగితే పులుసుకి పెర్చ్ చేప పట్టుకోండి, వేపుడుకి వాల్‌ఐ చేప. ఈ చల్లటి నీళ్లలో స్మాల్‌మౌత్ చాలా మెల్లగా పెరుగుతుంది, ఐదు పౌండ్ల చేపకి పదేళ్లు దాటి ఉండొచ్చు. పెద్ద చేపల్లో పాదరసం కూడా ఎక్కువ. నెలకి ఎన్నిసార్లు తినొచ్చో మిషిగన్ ఆరోగ్య శాఖ సరస్సులవారీగా జాబితా ఇస్తుంది, పిల్లలున్న ఇంట్లో అది చూడకుండా వండకండి.

ఉంచుకునేవాళ్లకి రూల్స్: 17 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్సు తప్పనిసరి. బాస్‌ని పట్టి వెంటనే వదిలేయడానికి ఏడాది పొడుగునా అనుమతి ఉంది. ఇంటికి తీసుకెళ్లాలంటే రాష్ట్రంలో ఎక్కువ చోట్ల మెమోరియల్ డే (మే చివరి సోమవారం) ముందు శనివారం నుంచి డిసెంబర్ 31 దాకా, కనీసం 14 అంగుళాలు, లార్జ్‌మౌత్‌తో కలిపి రోజుకి ఐదు. నీటి నీటికీ మినహాయింపులుంటాయి కాబట్టి డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) ఆ సంవత్సరం రూల్స్ పుస్తకం ఫోన్‌లో దించుకోండి. గోబీని ప్రాణంతో దగ్గర ఉంచుకోవడమే నేరం, ఎరగా వాడుదామన్న ఆలోచన వద్దు.

మే నెల ఎండ చూసి లైఫ్ జాకెట్ విప్పకండి. గాలి 70 డిగ్రీలున్నా నీళ్లు 45 ఉండొచ్చు. అందులో పడితే కాసేపటికే వేళ్లు పనిచేయవు, ఈత వచ్చినా పడవ ఎక్కలేరు. చిన్న పడవ డెక్ మీద కూర్చునే ఆరేళ్లలోపు పిల్లలకి జాకెట్ తొడగడం చట్టం కూడా.

చివరగా ర్యాంప్ దగ్గర. పడవ ట్రైలర్ ఎక్కించి పైకి లాగగానే డ్రెయిన్ ప్లగ్ (పడవలోని నీళ్లు బయటికి పోయే రంధ్రానికి బిరడా) తీసేయండి, లైవ్‌వెల్ ఖాళీ చేయండి. ట్రైలర్ ఇరుసుకి, మోటార్ రెక్కలకి చుట్టుకున్న నాచుని చేత్తో పీకేయండి. 2019 నుంచి మిషిగన్‌లో ఇది చట్టం, ఒక సరస్సు గోబీలు, మస్సెల్స్ (ఆల్చిప్పలు) ఇంకో సరస్సుకి పోకుండా. తీసిన ప్లగ్‌ని కారు తాళాలతో కలిపి కట్టుకోండి. నేను ఓసారి దాన్ని టాకిల్ బాక్సులో పడేసి మర్చిపోయి, మరుసటి వారం పడవ నీళ్లలోకి దించాక కాళ్ల కింద చల్లగా తగిలితే చూసుకున్నాను.